ఐదో మాట

దయ్యాలు లేవని పిల్లలకు చెప్పడం నా ఉద్యోగంలో భాగం. ఎల్లారెడ్డి దగ్గర ఒక సర్కారు బడిలో ఇరవై రెండేళ్లు సైన్సు చెప్పాను. బడి గేటు ముందు ఎవరో దిష్టి తీసి పడేసిన నిమ్మకాయను చూసి పిల్లలు జడుసుకుంటే, దాన్ని కడిగి, కోసి, షర్బత్ కలుపుకుని వాళ్ల ముందే తాగాను. ఇప్పటికీ నమ్మను. కానీ 2013లో జరిగినదాన్ని ఏ పాఠంలో పెట్టాలో నాకు తెలియడం లేదు. అందుకే ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మా ఆయన పేరు నర్సింలు. బస్టాండు వెనక మోటార్ రివైండింగ్ దుకాణం. చుట్టుపక్కల ఊళ్లలో బోరు మోటారు కాలిందంటే ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. రాగి తీగ చుడుతూ వచ్చినవాళ్లందరితో పరాచికాలాడేవారు. అయినా చుట్ల లెక్క ఏనాడూ తప్పేది కాదు. మాకు పిల్లలు లేరు. నేను బడిలో అరిచి అరిచి ఇంటికొచ్చి నోరు మెదపకపోతే, ఇంట్లో మాటలన్నీ ఆయనవే.

మొదట ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ అన్నారు. ఏడాది తిరిగేసరికి అది మెదడుకు పాకింది. ఒకరోజు చుట్ల లెక్క తప్పి, తీగంతా విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ తప్పారట. దుకాణం మూసి ఇంటికొచ్చి గడప మీదే కూర్చుండిపోయారు.

హైదరాబాద్‌లో పెద్దాసుపత్రిలో తలకు కరెంటు పెట్టాలన్నారు. రేడియేషన్‌ను మా దిక్కు అట్లాగే అంటారు. ముఖం కొలతకు వల లాంటి తొడుగు చేసి, తల కదలకుండా దాన్ని బల్లకు బిగించేవాళ్లు. పది రోజులు పెట్టించుకున్నారు. కరెంటు పెట్టాక మనిషికి జ్ఞాపకం ఎంత నిలుస్తుందో అక్కడి డాక్టర్లు పరిశోధన చేస్తున్నారు. చేరతారా అని అడిగితే ఆయన వెంటనే సంతకం పెట్టారు.

"నాకెట్లయితే అట్లాయె. ఎన్కొచ్చేటోళ్లకన్న పనికొస్తది" అన్నారు.

పరిశోధనలో పనిచేసే స్వప్న అనే అమ్మాయి ఐదు మాటలు వినిపించేది. చెంబు, నెమలి, రైలు, పసుపు, దుప్పటి. కాసేపు వేరే ప్రశ్నలు అడిగి, మళ్లీ ఆ ఐదూ చెప్పమనేది. నెలనెలా అవే మాటలు. మేం పోలేని నెల ఫోన్‌లో అడిగేది. ఇంట్లో ఎవరూ అందించకూడదని నాకు మరీ మరీ చెప్పింది. నాకు చెప్పాలా ఆ సంగతి! పరీక్షలో పక్కకు తల తిప్పితే పేపరు గుంజుకున్న చేతులు నావి.

నాలుగు చెప్పేవారు. ఐదోది వచ్చేది కాదు. ఎప్పుడూ అదే.

ఒకసారి ఆసుపత్రి నుంచి తిరిగొస్తూ కామారెడ్డిలో రైలు దిగి బస్సెక్కాం. లింగంపేట వచ్చేదాకా ఆయన వేళ్లు మడుస్తూనే ఉన్నారు. నాలుగు వేళ్లు మడిచి బొటనవేలు పట్టుకుని కూర్చున్నారు.

"ఏందే టీచరమ్మా, ఒక్కటి అందియ్యరాదే? నీ బడిల పోరన్ననుకో."

"మా పోరలకు అందిస్తనా?" అన్నాను.

నవ్వారు. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "చుట్ల లెక్క పాయె. ఒక్కపారి ఐదుకు ఐదు చెప్తే చాలు, నా తలకాయ నాదేనని అనుకుంట" అన్నారు.

అయినా చెప్పలేదు. అంతటితో ఆగానా? ఇంట్లో ఆ మాటే మానేశాను. చలికి వణుకుతుంటే "ఇది కప్పుకోండ్రి" అనేదాన్ని. నాలుగు నెలలు మా ఇంట్లో దుప్పటికి పేరు లేదు.

చివరి వారం ఆయన మంచం దిగలేదు. ఒక మధ్యాహ్నం దుప్పటి అంచు పట్టుకుని, వేళ్ల మధ్య నలుపుతూ, "దీన్నేమంటరే?" అన్నారు. ఐదోది అదేనని ఆయన చేతికి తెలిసిపోయిందని నాకు అనిపించింది. ఫోన్ పరీక్ష ఇంకా ముందుంది.

"యాది చేసుకోండ్రి" అన్నాను.

నా దిక్కు కాసేపు చూసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. మళ్లీ అడగలేదు. ఆదివారం పోయారు.

ఒక్క మాట. చెప్తే నా సొమ్మేం పోయేది? అది తలుచుకుని తలుచుకుని ఏడ్చాను. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అనడానికి ఇంట్లో ఎవరున్నారు గనుక?

ఆయన పోయాక కూడా రైతులు ఆయన సెల్‌కు ఫోన్ చేసి మోటారు అయిందా అని అడుగుతుంటే తట్టుకోలేకపోయాను. మూడో రోజున స్విచ్చాఫ్ చేసి, బ్యాటరీ కూడా ఊడదీసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. ఆసుపత్రికి కబురు చెప్పాలన్న ధ్యాసే లేదు.

మూడు వారాలకు మళ్లీ బడికి పోవడం మొదలుపెట్టాను. ఆ వారమే గురువారం మధ్యాహ్నం పిల్లలు అన్నం తింటుంటే నా సెల్‌కు స్వప్న ఫోన్ చేసింది. గొంతులో సంతోషం పట్టలేకపోతోంది.

"మేడం, మొన్న మంగళవారం సార్ తనే మా ల్యాండ్‌లైన్‌కు ఫోన్ చేసి ఐదుకు ఐదు చెప్పారు! నేను అడగకముందే!"

"ఆయన పోయి మూడు వారాలైందమ్మా" అన్నాను.

ఆ అమ్మాయి ఏడుపు గొంతుతో, "సార్ గొంతు నాకు తెల్వదా మేడం? బిడ్డా అనే పిలిచిండు" అంది. అప్పటిదాకా నాతో పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడిన పిల్ల, ఇంటి యాసలోకి దిగింది.

ఇంటికి పోయి బీరువా తీశాను. సెల్ ఒక దగ్గర, బ్యాటరీ ఒక దగ్గర, నేను పెట్టినట్టే ఉన్నాయి. బ్యాటరీ వేసి, చార్జింగ్ పెట్టి చూశాను. మంగళవారం ఆ సెల్ నుంచి ఏ ఫోనూ పోలేదు.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. కాగితాలు నింపడానికి ఆ పిల్ల దొంగ మార్కులు వేసిందనుకున్నాను. సెలవు పెట్టి హైదరాబాద్ పోయి, ఆ కాగితం చూపించమని కూర్చున్నాను.

చూపించింది. మంగళవారం, పదకొండు గంటల ఇరవై నిమిషాలు. ఆ టైముకు నేను ఎనిమిదో తరగతిలో ఉన్నాను, ఇంటికి తాళం. ఐదు మాటలకూ టిక్కులు. కింద పెన్నుతో ఒక వాక్యం రాసి ఉంది. అది రాసుకుంటేగానీ ఫోన్ పెట్టనన్నారట ఆయన. ఆయన అన్నది అన్నట్టే తెలుగులో రాసుకుంది.

"మా టీచరమ్మ ఒక్కటి గూడ అందియ్యలేదు. గది గూడ రాసుకో బిడ్డా."

బస్సులో ఆయన అడిగినది, మంచం మీద అడిగినది స్వప్నకు తెలిసే దారే లేదు. ఆ కాగితం పట్టుకుని అందరి ముందూ ఏడ్చాను. పెద్ద డాక్టర్ వచ్చి, ఇది లెక్కలోకి తీసుకోలేమమ్మా అని మెల్లగా చెప్పి, కాగితానికి అడ్డంగా గీత కొట్టారు. రూల్ రూలే.

ఎన్ని రకాలుగా ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. ఎవరైనా విడమరిచి చెప్తే ఒప్పుకోవడానికి ఈ రోజుకీ సిద్ధమే.

పొద్దున లేచి పక్క ఎత్తేటప్పుడు మాత్రం, ఆయన మంచం ఉన్న పక్క గదిలోకి వినబడేంత గట్టిగా, దుప్పటి అంటాను. రోజూ అంటాను. ఎవరూ పలకరు.