రెండో భాగం చెప్పిన రోజు

ఆ నవల రెండో భాగం నచ్చిందా అని ఎవరైనా అడిగితే నాకు చిరాకేస్తుంది. నచ్చింది. ఏడుస్తూ చదివాను. అదే నా బాధ.

మొదటి భాగంలో ఆ అమ్మాయి ఒక్క బ్యాగుతో మొగుడి ఇంట్లోంచి బయటికి వస్తుంది. అతను ప్రేమించే పెళ్ళి చేసుకున్నాడు. కానీ ఆమె ఫోను తీసి చూస్తాడు, ఎవరితో మాట్లాడావని చెయ్యి చేసుకుంటాడు. ఆమె వేరే ఊళ్ళో ఉద్యోగం చూసుకుని, ఇక రానని తెగేసి చెప్పడంతో పుస్తకం అయిపోతుంది. కిందటేడు ఆ కథను మా మిర్చి కల్లంలో రోజుకింత చెప్పాను. ఎండిన కాయల్లోంచి తాలుకాయలు ఏరేటప్పుడు ఆడవాళ్ళం ముక్కుకు గుడ్డ కట్టుకుని వరసగా కూర్చుంటాం. కథ నడుస్తుంటే నడుం నొప్పి తెలియదు. ముద్దుల దగ్గరికి వచ్చేసరికి పెద్దవాళ్ళున్నారని దాటేసేదాన్ని. "ఏందే, మధ్యలో ఏదో మింగావు," అని మా అత్త ఆటపట్టించేది.

మా బాబాయి కూతురు అప్పుడే మాచవరంలోని అత్తగారింటి నుంచి వచ్చేసి ఉంది. దాని మొగుడిదీ అదే వరస, ఫోను లాక్కోవడం, కొట్టడం. కథ అయిపోయిన రోజు అది నా పక్కకు జరిగి, "నేనూ పోనక్కా," అంది. ఏడాదిపాటు పోలేదు. నరసరావుపేటలో ఒక బట్టల కొట్లో పనికి కుదిరింది. ఆ పుస్తకం నేనే రాసినంత గర్వపడ్డాను.

ఈ ఏడు రెండో భాగం వచ్చింది. బస్టాండు దగ్గర కొని, ఒక్క మధ్యాహ్నంలో చదివేశాను. మొగుడు ఆమె ఉండే హాస్టలు గేటు ముందు వానలో నిలబడి, అందరి ఎదుటా బతిమాలుకుంటాడు. ఆమె మెట్లు దిగి వస్తుంది. ఎంత బాగా రాసిందో ఆ రచయిత్రి! నాకు పెళ్ళయి ఇరవై ఏళ్ళు, ఒక్కసారైనా నన్నెవరూ అలా బతిమాలలేదు. దిగి రావే అని పుస్తకం చదువుతూ పైకే అన్నాను. తీరా మూశాక ఒళ్ళు మండింది. అతను మారాడని రచయిత్రి చెప్పడమే గానీ, మారినట్టు ఒక్క పనీ చూపించలేదు.

అయినా ఆదివారం కల్లంలో చెప్పాను. నా కోపం సంగతి చెప్పలేదు. వాన చెప్పాను, గేటు చెప్పాను, గొంతు తగ్గించి మరీ చెప్పాను. అందరూ చేతులాపి వింటుంటే నాకు హుషారొచ్చింది. బట్టల కొట్టుకు సెలవని ఆ రోజు పనికి వచ్చిన మా చెల్లి కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏందే, ఏడుస్తున్నావా?"

"కాదక్కా, కాయ చానా ఘాటుగా ఉంది."

మిర్చి దగ్గర అందరి కళ్ళూ అలాగే ఉంటాయి. నేను నమ్మాను.

బుధవారం పిన్ని వచ్చి చెప్పింది. చెల్లి మొగుడు బట్టల కొట్టు ముందుకొచ్చి నిలబడ్డాడట. ఇది బ్యాగు సర్దుకుని అతనితో మాచవరం బస్సెక్కిందట. "పోనీలేమ్మా, ఎన్నాళ్ళని ఇక్కడుంటది," అంది పిన్ని.

పుస్తకం విని వెళ్ళిందనుకోవడం నా గొప్ప కావచ్చు. దానికీ మనసుంది, దానికీ ఎవరో వచ్చి పిలవాలని ఉండి ఉంటుంది. అలా సర్దిచెప్పుకుంటూ పది రోజులు ఆగి, ఉండబట్టలేక ఫోను చేశాను.

"బాగున్నావటే?"

"ఆ, బాగున్నా..." అంటూ ఆగిపోయింది. వెనక అతని గొంతు వినపడింది. "ఎవరే అది?"

"ఎవరో, రాంగ్ నంబరండీ," అని మా చెల్లి ఫోను పెట్టేసింది.

మళ్ళీ నేను చేయలేదు. చేస్తే దెబ్బలు తినేది అది.