పరుపు ఎత్తింది మా బావ

కామారెడ్డిలో అన్ని సామాన్లూ ఒకే చోట దొరికే మొదటి దుకాణం పెట్టింది నేనేనని ఇప్పటికీ చాలామంది అంటారు. అది నిజం కాదు. పెట్టింది మా అక్క భర్త.

డెబ్బైల్లో మాది మామూలు బట్టల దుకాణం. వచ్చినవాళ్లు చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుంటే మేం చీరలు విప్పి చూపేవాళ్లం. ఎల్లారెడ్డి వైపు తండాల ఆడవాళ్లు మట్టికాళ్లతో పరుపెక్కడానికి జంకి, మెట్ల కిందే నిలబడి వేలితో చూపించేవారు. బావ మా దుకాణంలో చేరకముందు ఆ ఊళ్లలోనే సైకిలు మీద బట్టల మూట వేసుకుని తిరిగినవాడు. అక్కడ మూట విప్పితే అందరి చేతులూ దాని మీదే ఉండేవట.

ఒక ఉదయం పరుపు ఎత్తేద్దామని, రెండో కొస నన్ను పట్టుకొమ్మన్నాడు. ఇది దుకాణమా, బస్టాండా అని నవ్వి నేను కదల్లేదు. ఒక్కడే ఈడ్చుకుపోయాడు. గోడల పొడవునా తలుపుల్లేని అరలు చేయించాడు. ఎవరైనా చెప్పులతోనే రావచ్చు, ఏదైనా పట్టి చూడవచ్చు. కొనకుండా పోయినా ఎవరూ ఏమీ అనకూడదు. బట్టల పక్కన గాజులు, గిన్నెలు, గొడుగులు చేరాయి. జనం కూడా.

తొంభైల్లో పై అంతస్తు వేశాక ఒక విలేకరి వచ్చి ఈ ఆలోచన ఎవరిదని అడిగాడు. బావ కింద పొట్లాలు కడుతున్నాడు. నాదే అన్నాను. పేపర్లో అది చదివి తోటి వ్యాపారులు నాకు సన్మానం చేశారు. బావ కూడా వచ్చి చప్పట్లు కొట్టాడు. సభ అయ్యాక నా భుజం మీది శాలువా వైపు చెయ్యి చాపి, మధ్యలోనే ఆపాడు.

"పట్టి సూడొచ్చా, బామ్మర్దీ?"

బావామరుదుల పరాచికమనుకుని పక్కవాళ్లు నవ్వారు. వాళ్లతోపాటు నేనూ నవ్వాను.

కొన్నాళ్లకే అక్కను తీసుకుని ఎల్లారెడ్డి వెళ్లిపోయి, చిన్న దుకాణం పెట్టుకున్నాడు. క్షమించమని అడుగుదామని ఒకసారి వెళ్లాను. గడప దగ్గర నాకు తెలియకుండానే చెప్పులు విడిచాను. బావ తువ్వాళ్లు మడుస్తూ తలెత్తి చూశాడు.

"ఏసుకొనే రా. నువ్వు పెట్టిన పద్ధతే గద."

చాయ్ తెప్పించాడు, తాగాను. అడగడానికి వెళ్లిన మాట మాత్రం అడగలేకపోయాను.