గుంజ లేని కళ్ళం

పుల్లమ్మ నోటికి ఎదురు నిలిచిన మగవాణ్ణి నేను చూడలేదు. మా మరిది ఆదిశేషయ్య ఒకసారి నిలబడబోయి, కూలీలందరి ముందూ భంగపడ్డాడు.

ఆ రోజు పొద్దున్నే మిరప తోటకు ఎండ్రిన్ పురుగుమందు కొట్టించి, ఆకుల మీద తడి ఆరకముందే కలుపు తీయమన్నాడు. పుల్లమ్మ కూలీల ముఠాకు పెద్ద. గట్టు మీదే చతికిలబడింది.

"దిగవేమే? పొద్దెక్కడిదాకా వచ్చిందో చూశావా?" అన్నాడు.

"దిగుతామయ్యా. ముందు తమరు చెప్పులిప్పి ఆ చివరిదాకా నడిచి రండి. మీ ఎనకాలే మేమూ వస్తాం."

మరిది చెప్పుల వంక చూసుకున్నాడు, తోట వంక చూశాడు. ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "రేపు రండి" అని గొణిగి ఇంటిదారి పట్టాడు. పక్క చేను నాదే కనుక అంతా కళ్ళారా చూశాను. వాటాలు పంచుకున్ననాటి నుంచి అతనితో నాకు మాటల్లేవు. ఆ పూట మాత్రం అన్నం రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

పుల్లమ్మ మొగుడు పోయాక ఆమె చేలకు పోతే, ఇంట్లో ఉండి కూతురు ప్రేమావతిని పెంచింది అత్త మేరమ్మ. ఆ పిల్ల నర్సు చదివి, ఏజెన్సీ అడవుల్లో ఓ మిషను ఆసుపత్రిలో చేరింది. డెబ్బై ఆరు వేసవిలో అక్కడ జీపు బోల్తాపడి తుంటి విరిగింది. నడుము నుంచి మోకాలిదాకా పిండికట్టు. ఇక్కడ మేరమ్మ మంచాన పడింది. గంజి కూడా దిగడం లేదు. తలుపు చప్పుడైతే చాలు, "పాప వచ్చిందా?" అంటుంది. ముసలమ్మ కదల్లేదు, ఆ పిల్ల బస్సులో కూర్చోలేదు.

ఆసుపత్రి డాక్టరుకు సొంత విమానం ఉంది, నలుగురు పట్టేది. ఆయనే నడుపుతాడు. వచ్చే శనివారం మందుల కోసం బెజవాడ వెళుతూ, వెనక సీట్లు తీసేసి ప్రేమావతిని పడుకోబెట్టి తెస్తాననీ, గట్టి నేల రెండు ఫర్లాంగుల పొడవున చూపిస్తే మా తిరువూరులో గంటసేపు ఆగుతాననీ కంపౌండరు సుందరరాజుతో కబురంపాడు.

పుల్లమ్మ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. "అమ్మగారూ, జొన్న కోసిన మీ చేను కావాలి. ఇమానం దింపుకోవాలి." ఎడ్లబండి నిలుపుకోవడానికి అడిగినట్టే అడిగింది.

"నీకేమన్నా మతిపోయిందా? చక్రాలు దిగబడవూ?"

"కళ్ళం చేస్తానుగా!"

చేసింది. మోళ్ళు పీకించి, నా బావి నీళ్ళు చల్లించి, ఎడ్లతో తొక్కించి, బండ లాగించి, పేడతో అలికించింది. పంట నూర్చే కళ్ళాలు చూస్తూ పెరిగినదాన్నే గానీ, రోడ్డంత పొడుగు కళ్ళం నేనెక్కడా చూడలేదు.

బుధవారం పొద్దున వెళ్ళి చూద్దును గదా, నట్టనడుమ నిటారుగా తుమ్మ గుంజ! కళ్ళమంటే నడుమ ఎడ్లను కట్టే గుంజ ఉండాల్సిందేనని, ముఠాలోని శౌరయ్య అలవాటు కొద్దీ పాతేశాడు.

"ఇమానాన్ని దీనికి కట్టి తిప్పుతావంట్రా? పీకు!" అని అరిచింది పుల్లమ్మ.

"గుంజ లేకుండా కళ్ళమేంటక్కా, బోసిగా," అని సణుగుతూనే పీకాడు. ఆ గుంట పూడ్చి, తొక్కి, తనే అలికింది.

ఆ మధ్యాహ్నం సుందరరాజు వచ్చి తాడుతో కొలిచాడు. పుల్లమ్మ కంటి కొలత తప్పింది, నా చేను చాల్లేదు. చివర గట్టు, గట్టు మీద హద్దురాయి, అవతల మా మరిది చేను. "ఇవి తీసేసి, అవతల ఇంకో అర ఫర్లాంగు చదును చేస్తే తప్ప డాక్టరుగారు దింపరు," అని తేల్చేశాడు.

పుల్లమ్మ చేతుల పేడైనా కడుక్కోకుండా మా అరుగు ముందుకొచ్చి నిలబడింది.

"గట్టులో సగం నాది. తవ్వుకో," అన్నాను.

"మిగతా సగమో?"

"వెళ్ళి అడుగు. చెప్పులిప్పి నడవమన్న దానివి, నీకు భయమేంటి?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అందుకే అడగలేనమ్మా. నన్ను చూస్తే ఆనాటిది గుర్తొచ్చి కాదంటాడు. నాలుగు తిట్లు తినడానికేం, తింటాను. పని చెడుద్ది. మా అత్త శనివారం దాటేట్టు లేదు." గుక్క తిప్పుకుని నా కళ్ళలోకి చూసింది. "తమరు ఆయన గడప తొక్కండి. వదినే వచ్చి అడిగిందని చెప్పుకోడానికి ఆయన ఎన్నాళ్ళబట్టి కాసుకునున్నాడో ఊరందరికీ తెలుసు. తమరడిగితే కాదనడు. ఈ పొద్దే ఎళ్ళండి. కూకోమంటే కూకోండి. మజ్జిగిస్తే తాగండి. గట్టు సంగతొక్కటే అడిగి రండి. వాటాల మాట మాత్రం ఎత్తమాకండి."