పెంచలయ్య పెట్టెలోని అంకెలు

2022 జూన్‌లో నన్ను నెల్లూరు ఆఫీసు నుంచి అల్లూరు వైపు రొయ్యల గుంటల పనికి వేశారు. హోదా జూనియర్ ఇంజినీర్. పాప పుట్టాక మానేసిన ఆ ఉద్యోగం ఏమిటని అడిగేవారికి ఈ ఒక్క సంగతి చెబితే చాలు.

మా కంపెనీ గుంట గట్టున బిగించే, కరెంటు పోయినా బ్యాటరీతో నడిచే వైఫై పెట్టెలు చేసేది. నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రైతు ఫోనుకు కబురు పంపడం ఆ పెట్టె పని. ఏ రెండు పెట్టెల రేడియోలూ అచ్చంగా ఒకలా ఉండవు. అందుకే తయారైనప్పుడే ఒక్కోదాన్ని కొలిచి, దానికి కావలసిన సవరణ అంకెలను ఫైలుగా అందులోనే పెడతాం. దాన్ని క్యాలిబ్రేషన్ డేటా అంటారు. పెట్టె ఆన్ కాగానే డ్రైవర్, అంటే రేడియోను నడిపే ప్రోగ్రామ్, ముందుగా ఆ ఫైలు చదువుతుంది. అది తనదా పరాయిదా అని అప్పట్లో మా డ్రైవర్ చూసేది కాదు. ఇచ్చింది నమ్మేది.

అక్కడి రైతు రమణమ్మక్క గుంటలో పట్టుబడికి, అంటే రొయ్యలు పట్టి అమ్మడానికి, పది రోజులుంది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి ఏరియేటర్లు ఆగాయి. ఫోను మోగలేదు. అదృష్టం బాగుండి ఆమె గట్టు మీదికి వచ్చి, రొయ్యలు పైకి తేలడం చూసి జనరేటర్ వేయించింది.

“మీ పెట్టె కంటే మా కుక్క నయం పాపా, మొరగనన్నా మొరుగుతుంది,” అంది నన్ను చూడగానే. “రేపటికి బాగుచెయ్యకపోతే పీకి కాలవలో పారేస్తా. ఈ పంట పోతే మళ్లీ రొయ్యపిల్లల సీడు కొని పోసే శక్తి నాకు లేదు.”

పెట్టెలో ఫైలు తెరిచాను. అందులో ఉన్నది వేరే పెట్టె నంబరు. మూడుసార్లు సరిచూశాను. చుట్టుపక్కల మరో నాలుగు పెట్టెల్లోనూ అదే. అన్నింటిలో ఉన్నది పెంచలయ్య అనే రైతు పెట్టె ఫైలు. పరాయి అంకెలతో నడుస్తున్న రేడియో ఎండకు వేడెక్కగానే తన ఫ్రీక్వెన్సీ నుంచి పక్కకు జరిగి కబురు పంపలేకపోతోంది. వాటిని బిగించిన మా టెక్నీషియన్ ప్రభుదాసు ఆకాశం చూస్తున్నాడు.

“ఏందన్నా ఇది?”

“వాళ్లే అడిగినారు మా. పెంచలయ్య హస్తవాసి మంచిదంట. ఈడ ఎవురు సీడు వదలాలన్నా మొదటి బకెట్టు ఆయనే పొయ్యాల. ఆయన పెట్టె ఒక్కరోజు ఆగలా. దాంట్లో ఉండేదే మాకూ పొయ్యి అన్నారు. పోసినాను.”

“చర్చికి పోతారు గదన్నా, ఇవన్నీ నమ్ముతారా?”

“నేనేడ నమ్మినా? కాపీ చేసినానంతే.”

నా భయం కొద్దీ అన్ని పెట్టెల అసలు ఫైళ్లనూ ముందే రెండు చోట్ల దాచి ఉంచాను. తిరిగి ఎక్కించడం ఐదు నిమిషాల పని. రమణమ్మక్క ఒప్పుకోలేదు.

“పట్టుబడి ముందర పెంచలయ్యది తీసేస్తావా? గమ్మునుండు.”

“ఆయన కళ్లజోడు నువ్వు పెట్టుకుంటే కనపడుతుందా అక్కా?”

“మొన్న ఆయన జోడు పెట్టుకునే పేపరు చదివినా.”

ఇక వాదించలేదు. మర్నాడు మంచి ఎండలో ప్రభుదాసు బండి మీద పెంచలయ్యనే పిలిపించాను. రమణమ్మక్క పెట్టెకు దాని సొంత ఫైలే ఎక్కించేలా కమాండ్ టైప్ చేసి, ఎంటర్ మాత్రం ఆయన్ని నొక్కమన్నాను. ఆయన చేతులు కడుక్కుని, కండువాతో తుడుచుకుని, బొటనవేలితో నొక్కాడు. పెట్టె వేడెక్కేదాకా ఆగి ఏరియేటర్ స్విచ్ ఆపాను. అక్క ఫోను మోగింది.

“చూసినావా, ఆయన చెయ్యి పడితే ఎట్టుందో!” అంది నాతో.

“నాదేముంది మా,” అన్నాడు పెంచలయ్య. మిగతా నాలుగూ ఎక్కడున్నాయని తనే అడిగాడు.

పెట్టె గట్టు మీదే ఉంది, పట్టుబడి సవ్యంగా జరిగింది. నా రిపోర్టులో ‘ఫైలు ఎక్కించినవారు’ అన్న గడిలో పెంచలయ్య పేరు రాశాను. ఆయన ఏ డిపార్ట్‌మెంటని మేనేజర్ అడిగారు. తర్వాతి నెలలో, నంబరు కలవని ఫైలును తీసుకోకుండా డ్రైవర్‌ను మార్చాం.

డ్రైవర్‌కు ఏ పెట్టె అంకెలు ఆ పెట్టెవే ఇవ్వాలి. ఎవరి చేత ఇప్పించాలన్నది గుంట యజమానిని అడగాలి.