ఆ యేడు ఫహాహీల్‌లో మా కాలేజీ జట్టు

కడపలో నేను కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు లెఫ్ట్ బ్యాక్‌గా ఆడిన రోజుల్లో మేము పెద్దగా గెలిచింది లేదు. డిగ్రీలయ్యాక ఊళ్లో పని దొరక్క ఒకరి వెనక ఒకరం కువైట్ చేరాం. మా కెప్టెన్ ఒక బేకరీలో రొట్టెల వ్యాను నడిపేవాడు. గోల్‌కీపర్ మిష్రిఫ్‌లో ఒక విల్లాకు డ్రైవరు. నేను ఫహాహీల్‌లో ఒక సరుకుల కొట్టు గోడౌన్ చూసుకునేవాణ్ణి. మరికొందరు పాత ఆటగాళ్లు కలిశారు. ఖాళీలను రాయచోటి, హైదరాబాదు కుర్రాళ్లతో నింపుకుని, శుక్రవారాల్లో సముద్రం పక్కనున్న ఉప్పునేలలో ఆడేవాళ్లం. అక్కడ అందరూ మమ్మల్ని 'కాలేజీ జట్టు' అనేవాళ్లు. మొదట్లో అది వెక్కిరింపే.

ఇరాక్ సైన్యం వచ్చిన ఏటి సీజను మాకు ఘోరంగా మొదలైంది. ఆయిల్ కంపెనీ పనివాళ్ల జట్టు మాకు ఐదు గోల్స్ వేసింది. మేము ఒక్కటీ వేయలేదు. ఆట అయ్యాక తిట్లు పడతాయని తలలు వంచుకుని కూర్చున్నాం. కెప్టెన్ తిట్టలేదు.

"మనం బంతి యాడికి పోతే ఆడికి పరిగెత్తుతాండాం. వాళ్లు బంతి వచ్చే చోట ముందే నిలబడతాండారు. రేపట్నించి డ్యూటీ అయినాక రాండి, నేర్చుకుందాం" అన్నాడు.

వచ్చాం. పొద్దంతా సిమెంటు మోసినవాళ్లు కూడా వచ్చారు. బంతి లేకుండానే ఎవరు ఎక్కడ నిలబడాలో, ఎవరు ముందుకు పోతే ఎవరు ఆ ఖాళీలోకి రావాలో నేర్పించాడు. ఆ తర్వాత మేము ఓడలేదు. సెమీఫైనల్లో చివరి నిమిషాల్లో మా మీద పెనాల్టీ పడితే, వేలు వాచిపోయిన చేత్తోనే మా గోల్‌కీపర్ బంతిని పక్కకు నెట్టేశాడు. ఆ సాయంత్రం అబ్బాసియాలో ఒక హోటలాయన మాకు బిరియాని పెట్టి, "మా కాలేజీ పిల్లోళ్లు" అని అందరికీ చూపించాడు. ఫైనల్ మళ్లీ ఆ ఆయిల్ కంపెనీ జట్టుతోనే. ఎండలు తగ్గాక ఆడదామనుకున్నాం.

ఆగస్టులో ఒక పొద్దున లేచేసరికి సముద్రం రోడ్డు మీద ట్యాంకులున్నాయి. కొట్లు మూసేశారు. మాకు వీసాలిచ్చి పనికి పెట్టుకున్న కఫీళ్లలో సగం మంది ఎండలకు ముందే దేశం దాటి ఉన్నారు, మిగిలినవాళ్ల ఫోన్లు పలకలేదు. ఎవరి గదిలో వాళ్లం రేడియో ముందు కూర్చున్నాం. మధ్యాహ్నానికి కెప్టెన్ గది గదికీ తిరిగి జట్టులో దొరికినవాళ్లందర్నీ ఒక ఫ్లాటులో చేర్చాడు.

"ఒక్కొక్కడు యాడో ఒకచోట ఉంటే భయంతోనే చస్తాం. అందరం ఈడే ఉందాం" అన్నాడు.

రెండు రోజులకు గోల్‌కీపర్ మిష్రిఫ్ నుంచి నడిచి వచ్చాడు. అతని కారును సైనికులు తీసుకున్నారు. నీళ్లు కూడా అడగకుండా చెప్పాడు: "అన్నా, మా సందులో ఇళ్లల్లో పనిజేసే మన కడప ఆడోళ్లుండారు. మామాలు లేరు, సేట్లు లేరు. వాకిళ్లేసుకుని లోపలే ఏడుస్తాండారు. తెస్తామని చెప్పొచ్చినా." కువైట్‌లో ఇంటి యజమానురాలిని పనివాళ్లు 'మామా' అంటారు.

బేకరీ ఇంకా నడుస్తోంది, రొట్టెల వ్యాన్లను సైనికులు పోనిస్తున్నారు. కెప్టెన్, గోల్‌కీపర్, నేను జట్టు జెర్సీలు వేసుకుని బయల్దేరాం. జెర్సీలు చూస్తే పరదేశపు పనివాళ్లమని తెలుస్తుంది, కువైటీలనుకుని కాల్చరని కెప్టెన్ ఆలోచన. వెనక రొట్టెల ట్రేల మధ్య మా బంతి కూడా ఉంది, ఎప్పుడూ ఆ వ్యానులోనే ఉండేది.

మిష్రిఫ్‌లో ఆడవాళ్లు మమ్మల్ని చూడగానే మూటలతో వచ్చేశారు. అందరికన్నా పెద్దావిడ మాత్రం గుమ్మం దిగలేదు.

"మామా తాళాలు నా చేతికిచ్చి పోయింది నాయనా. ఇల్లిడిచి నేనెట్లా వస్తా?"

"ఇల్లు యాడికీ పోదక్కా. నీకేమన్నా అయితే మామాకు ఎవురు చెప్పాల?" అన్నాడు కెప్టెన్.

పక్కింట్లో ఒక ముసలి కువైటీ అమ్మ ఒంటరిగా ఉండిపోయింది. ఆమె గోడ పక్కకు వచ్చి చెయ్యి చాపింది. పెద్దావిడ తాళాల గుత్తి ఆ చేతిలో పెట్టి, తలుపును ఒకసారి నెట్టి చూసుకుని, వ్యానెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు చెక్‌పోస్టులో ఒక ఇరాకీ సైనికుడు వెనక తలుపు తీశాడు. మీసం కూడా సరిగా రాని వయసు. ట్రేల వెనక ఆడవాళ్లు మూటల చాటున ఒదిగారు. అతను వాళ్లను చూశాడు, మా జెర్సీలను చూశాడు, తర్వాత బంతిని. తుపాకి భుజానికి తగిలించి, బంతిని బూటుతో పైకి లేపి మోకాలి మీద ఆడించాడు. బాగా ఆడేవాడని చూడగానే తెలిసింది. అవతలి సైనికుడు నవ్వుతూ చేతులు చాపాడు, ఇతను తన్నాడు. అది మాకున్న ఒక్క బంతి. గోల్‌కీపర్ ఏదో అనబోతే కెప్టెన్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు.

"యల్లా" అన్నాడు సైనికుడు, రోడ్డు వైపు చెయ్యి ఊపి. బంతిని వాళ్లకే వదిలేసి కదిలాం.

ఆ తర్వాత ఇంకా చాలాసార్లు తిరిగాం. వారం తిరిగేసరికి మా ఫ్లాటు ఆడవాళ్లకు ఇచ్చేసి మేము మెట్ల మీద, డాబా మీద పడుకున్నాం. సరుకులు ఒకరు తెస్తే, నీళ్లు ఒకరు, వాకిట్లో కాపలా ఒకరు. ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఒకడు పక్కకు వెళితే ఆ చోటికి మరొకడు వచ్చేవాడు. చూసి నాకు గర్వంగా ఉండేది.

మనవాళ్లను దేశం దాటించేందుకు జోర్డాన్‌కు బస్సులు పెట్టినప్పుడు, ఆడవాళ్లందరూ ఎక్కాకే మేము ఎక్కాలని అనుకున్నాం. ముందే పోగలిగినవాళ్లు కూడా జట్టులో ఉన్నారు, ఒక్కడూ పోలేదు. బస్సు కిటికీలోంచి పెద్దావిడ కెప్టెన్‌ను పిలిచి, "మీ అమ్మ యా ఊర్లో ఉంటాది?" అని అడిగింది. చెప్పాడు. ఆమె తలూపింది. అంతే, బస్సు కదిలింది.

మేము బాగ్దాద్ మీదుగా, ఎడారి గుడారాల మీదుగా బొంబాయిలో దిగేసరికి నెల దాటింది. ఇంటికి చేరాక కెప్టెన్‌కు తెలిసింది. పెద్దావిడ అంతకుముందే రెండు బస్సులు మారి కెప్టెన్ ఊరు వెళ్లి, అతని అమ్మ పక్కన కూర్చుని, "నీ కొడుకు క్షేమంగా ఉండాడు, మమ్మల్నందర్నీ పంపించి వస్తాండాడు" అని చెప్పి వచ్చిందట.