ఆయన గీసిన యూరప్ దారి

మా ఆయన రెండు చలికాలాలు కూర్చుని యూరప్ ప్రయాణానికి ప్లాను వేశారు. ఆ ప్రయాణానికి ఆయన్ని తప్ప అందర్నీ తీసుకెళ్ళింది నేను. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా చదివి అప్పుడు తిట్టుకోవడం ఎందుకు, తిట్టదలుచుకున్నవాళ్ళు ఇప్పుడే మొదలుపెట్టవచ్చు.

ఎనభైల మొదట్లో మేము వర్జీనియాలో, షాంటిలీకి దగ్గర్లో ఉండేవాళ్ళం. అప్పటికి ఆ చుట్టుపక్కల ఇళ్ళకంటే ఖాళీ పొలాలే ఎక్కువ. నేను ఆసుపత్రిలో నర్సుని. నా ఉద్యోగం మీద వీసా వస్తే నా వెనక ఆయనా, పిల్లలిద్దరూ వచ్చారు. గుంటూరులో ఆయన పదకొండేళ్ళు కాలేజీలో యూరప్ చరిత్ర చెప్పారు. అమెరికాలో ఆయన చరిత్ర ఎవరికీ అక్కర్లేకపోయింది. ఫోటోకాపీ షాపులో కౌంటర్ దగ్గర పని దొరికింది. క్లాసులోకి అడుగుపెడితే అరవైమంది లేచి నిలబడిన మనిషి, ఇక్కడ కాలేజీ పిల్లలని ఎన్ని కాపీలు కావాలని అడుగుతూ నిలబడేవారు. దానికి ఆయన బాధపడ్డారో లేదో నేనెప్పుడూ అడగలేదు. నా కాళ్ళు లాగుతున్నాయో లేదో ఆయన మాత్రం అడిగారా?

యూరప్ మాట ఎత్తింది ఆయనే. తను పాఠాలు చెప్పిన ఊళ్ళని ఒక్కసారి కళ్ళతో చూడాలని ఉందన్నారు. అమెరికా వచ్చాక ఆయన నన్ను నోరు తెరిచి అడిగింది అదొక్కటే. సరే అన్నాను. అన్నాక నా ఇంటి మీద పడ్డాయి కాగితాలు.

లైబ్రరీ పుస్తకాల్లోని మ్యాపులన్నీ షాపులో కాపీలు తీసి, టేపుతో అతికించి, భోజనాల బల్ల మీద పరిచేవారు. మేము కంచాలు ఒళ్ళో పెట్టుకుని తినేవాళ్ళం. ఊరిబయట ఉండే చిన్న చిన్న బసలకి ఇంగ్లిష్‌లో ఉత్తరాలు రాస్తే, వాళ్ళు జర్మన్‌లోనూ ఫ్రెంచ్‌లోనూ జవాబిచ్చేవాళ్ళు. వాటిని పట్టుకుని మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, డిక్షనరీ ముందేసుకుని ఒక్కొక్క మాటా విడదీసుకునేవారు. నలుగురికి రైలుకంటే అద్దె కారే చవకని తేల్చారు. ఏ దేశంలో పెట్రోలు ప్రియమో కనుక్కుని, సరిహద్దు దాటకముందే ఎక్కడ ట్యాంకు నింపుకోవాలో రాశారు. హోటల్ తిండి జోలికి పోకుండా ప్రెషర్ కుక్కరూ, పదిహేను పౌండ్ల బియ్యం, ఆవకాయ జాడీ, ఐస్ బాక్సూ వెంట తీసుకెళ్ళాలి. మొత్తం ఇరవై రెండు రోజులు, రోజుకొక కాగితం. వాటిలో ఆరో రోజు కాగితం చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసుకున్నారు. అది వర్మ్స్ అనే ఊరు. ఒక సన్యాసి చక్రవర్తి ముందు నిలబడి తను రాసింది తప్పని ఒప్పుకోనన్నది అక్కడేనట. మా తాతల నాటి నుంచీ మేము వెళ్ళే చర్చికి మొదలు ఎక్కడుందో చూడాలంటే ఆ ఊరే చూడాలని పిల్లలకి చెప్పేవారు. మా అమ్మాయికి పదకొండేళ్ళు, అబ్బాయికి ఎనిమిది. వాళ్ళు తలలూపేవాళ్ళు.

నేను పన్నెండు గంటలు నిలబడి ఇంటికొస్తే సింకులో గిన్నెలు పొద్దున ఉన్నట్టే ఉండేవి. బల్ల మీద మాత్రం రైన్ నది పారుతుండేది. నాకు ఒళ్ళు మండేది. ఏమీ అనేదాన్ని కాదు. అననివన్నీ లోపల దాచుకున్నాను. ఇది గొప్పకి చెప్పడం లేదు.

ప్రయాణం ఇంకో మూడు నెలలుందనగా ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి కార్ల కంపెనీ ఉత్తరం వచ్చింది. అడ్వాన్సు అందిందని రాసి, కారు వివరాలిచ్చారు. అందులో చివరి వాక్యం, ఈ కారుకి గేర్లు చేత్తో వేసుకోవాలని. ఆయన దాన్ని మూడుసార్లు చదివారు.

గుంటూరులో మాకు సైకిలు తప్ప బండి లేదు. ఇద్దరం డ్రైవింగ్ నేర్చుకున్నది అమెరికా వచ్చాకే, అదీ గేర్లు దానంతటదే మార్చుకునే కారులో. కారంటే అలాగే ఉంటుందనుకున్నాం. యూరప్‌లో చవక కార్లన్నీ గేర్లవేనని, ఎడమ కాలితో క్లచ్ తొక్కాలని, అన్ని కాగితాలు చదివిన మనిషికి తట్టలేదు. ఫోన్ చేస్తే, గేర్లు లేని కారు కావాలంటే పెద్దది తీసుకోవాలి, అద్దె రెట్టింపుకి పైనే అన్నారు.

అప్పుడు ఆయన నేర్చుకుంటానన్నారు. పక్కింటి ముసలాయన దగ్గర పాత పికప్ ఉండేది, గేర్లది. మేం తెలుగువాళ్ళం నెలకొకసారి ప్రార్థనకి కలుసుకునే అమెరికన్ చర్చి పార్కింగ్ లాట్‌లో, శనివారం పొద్దున, ఆ ముసలాయన పక్కన కూర్చుని నేర్పేవాడు. పిల్లలూ నేనూ మెట్ల మీద కూర్చుని చూసేవాళ్ళం. బండి కప్పలాగా గెంతేది, ఆగిపోయేది. మళ్ళీ గెంతేది. గేరు మార్చినప్పుడల్లా పళ్ళు కొరికినట్టు చప్పుడు. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు. మా అబ్బాయి, డాడీ ఎన్నిసార్లు బండి ఆపేశాడో ఇంగ్లిష్‌లో గట్టిగా లెక్కపెట్టాడు. ఆయన అద్దంలోంచి మావైపు చూశారు. నేనూ నవ్వాను. నవ్వు ఆపుకోవడం రాక కాదు, ఆపుకోవాలని అనిపించలేదు. మూడో శనివారం అయ్యాక ముసలాయన మర్యాదగా తాళాలు తీసేసుకున్నాడు. నన్ను నేర్చుకోమని ఆయన అడగలేదు. అడిగినా కుదరదని చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.

ఈస్టర్‌కి మా తమ్ముడు క్యారీ అనే ఊరి నుంచి వచ్చాడు. అక్కడ మందుల కంపెనీలో పని, పెళ్ళి కాలేదు. కథంతా, ఇక ప్రయాణం మానుకోవడమే అనుకుంటున్నామనీ విని కుర్చీలో వెనక్కి వాలాడు.

"దీనికి టూరు క్యాన్సిల్ చెయ్యడమేంటక్కా, నేను డ్రైవ్ చేస్తాగా. పొగాకు కంపెనీ జీపు మూడేళ్ళు తోలినోణ్ణి. టికెట్ మాత్రం మీరే చూసుకోవాల."

ఆయన ముఖం వెలిగింది. వెంటనే కాగితం తీసుకుని ఐదుగురికి లెక్క వెయ్యడం మొదలుపెట్టారు. ఆ పెన్ను చప్పుడు వింటుంటే రెండు చలికాలాలుగా దాచినదంతా ఒక్కసారి పైకొచ్చింది. ఎక్కడినుంచి తెస్తారు ఐదో టికెట్ అని అడిగాను. ఆయన తలెత్తారు. పిల్లలూ, తమ్ముడూ అందరూ అక్కడే ఉన్నారు.

"ఉన్నయ్యి నాలుగు టికెట్లు. పిల్లలు మానరు. డ్రైవర్ మానడానికి లేదు. నేను నాలుగేళ్ళలో ఒక్క వారం సెలవు తీసుకోలేదు. ఇంక మిగిలిందెవరు?"

కారు కూడా చిన్నదన్నాను, సామానుతో ఐదుగురు పట్టరన్నాను. ఆయన బల్ల మీది మ్యాపుని అరచేత్తో సాపు చేశారు.

"నేనే" అన్నారు.

"మీరు రాకపోతే ఏమైందండీ, దారంతా కాగితం మీద ఉందిగా" అన్నాను.

ఐదో టికెట్‌కి డబ్బు నా బ్యాంకులో ఉంది. ఆయనకీ తెలుసు. ఆయన్ని మానొద్దంటానేమోనని తమ్ముడు ఎదురుచూశాడు, ఆయన గొడవపడతారేమోనని నేను ఎదురుచూశాను. ఆయన గొడవపడి ఉంటే ఇచ్చేసేదాన్నేమో. ఆ మాట ఇప్పుడంటున్నాను, నిజమో కాదో నాకే నమ్మకం లేదు. సోమవారం ట్రావెల్ ఏజెంట్‌కి ఫోన్ చేసి ఆయన టికెట్ తమ్ముడి పేరుకి మార్పించాను.

ఆ తర్వాత ఆయన ఇరవై రెండు కాగితాలూ మళ్ళీ రాశారు. తనే వెళ్ళేటప్పుడు తనకి అక్కర్లేని సంగతులన్నీ ఇప్పుడు రాయాల్సి వచ్చింది. ఎక్కడ ఎడమకి తిరగాలి, కారు ఏ వీధిలో ఆపితే డబ్బు అడగరు, చర్చి లోపలికి ఏ తలుపు నుంచి వెళ్ళాలి, ఎక్కడ నిలబడి పైకి చూడాలి. షాపులో టైపు చేయించి, ప్లాస్టిక్ స్పైరల్‌తో పుస్తకంలా బైండు చేయించి, విమానాశ్రయంలో మా తమ్ముడి చేతికిచ్చారు. వర్మ్స్‌లో తొందరపడొద్దని ఒక్క మాటే చెప్పారు.

దారి ఎక్కడా తప్పలేదు. రాసిన చోట రాసినట్టే మలుపులు వచ్చాయి. ఐదో రోజుకి మా తమ్ముడికి పాత గోడలు విసుగు పుట్టాయి. చర్చిలన్నీ ఒకటేలే అక్కా, పిల్లలకి బోరు కొడుతోంది అన్నాడు. ఆరో రోజు గడియారాలు అమ్మే ఊరికి వెళ్ళి, కోయిల కూసే గడియారం ఒకటి కొనుక్కున్నాం. ఎర్ర గీత నాకు గుర్తుంది. ఆ పొద్దున కూడా గుర్తుంది. కారు ఆపమని నేను అనలేదు. అక్కడినుంచి ఆయన పుస్తకం దారి కోసం చూసినప్పుడు తప్ప వేడి కుక్కర్ కింద పెట్టడానికి పనికొచ్చింది. అట్ట మీద గుండ్రంగా మాడింది.

తిరిగొచ్చాక విమానాశ్రయంలో ఆయన పిల్లవాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న వర్మ్స్ గురించే.

"అక్కడికి వెళ్ళలా డాడీ. మామయ్య బోరింగ్ అన్నాడు."

ఆయన సూట్‌కేస్ అందుకుని కారువైపు నడిచారు. పుస్తకం ఏదని అడిగితే ఇచ్చాను. మాడిన చోట వేలితో ఒకసారి తడిమి సంచిలో పెట్టుకున్నారు.

ఆ నెల ప్రార్థన కూటం చర్చిలో కాకుండా మా ఇంట్లో పెట్టుకున్నాం. ఆ రోజుల్లో ఎవరు ఎక్కడికి వెళ్ళొచ్చినా భోజనాలయ్యాక స్లైడ్లు చూపించాలి, అది అందరూ ఎదురుచూసే వినోదం. ఆదివారం మధ్యాహ్నం కర్టెన్లు మూసి, గోడకి తెల్ల దుప్పటి కట్టాం. ఇరవై మందిదాకా కూర్చున్నారు. తమ్ముడు రాలేదు. పిల్లలకి ఊళ్ళ పేర్లు గుర్తులేవు, నాకూ సగం గుర్తులేవు. ఆయన ప్రొజెక్టర్ దగ్గర నిలబడి చెప్పడం మొదలుపెట్టారు. ఈ కోట ఎవరు కట్టారు, ఈ వంతెన ఎన్నిసార్లు కూలింది, ఈ రాతి మెట్లు మధ్యలో ఎందుకు అరిగాయి. గుంటూరు వదిలాక ఆయన గొంతు అలా పలకడం నేను వినలేదు. జనం కదలకుండా విన్నారు. వెళ్ళానని ఆయన అనలేదు, వెళ్ళలేదనీ అనలేదు.

ముందు వరసలో కూర్చున్న పాస్టరుగారు నవ్వారు. "ఫోటోలు తీసేవాడి బతుకింతే. ఇన్ని బొమ్మల్లో మీరొక్కదాంట్లోనూ లేరు."

ఆయన కూడా చిన్నగా నవ్వారు. ఆ నవ్వుని ఆయనకి వదిలేస్తే నా సొమ్మేం పోయేది? వదల్లేకపోయాను. నేను చేసొచ్చిన ప్రయాణాన్ని ఆయన కాజేస్తున్నట్టు అనిపించింది.

"ఫోటోలు తీసింది మా తమ్ముడండీ. ఈయన అసలు రాలేదు" అన్నాను.

పాస్టరుగారి భార్య పెద్దావిడ, ఆవిడే ముందు తేరుకుంది. సెలవు దొరకలేదా బాబూ అని మెల్లిగా అడిగింది.

"దొరికిందండీ. కారులో చోటు చాల్లేదు" అన్నారాయన.

చేతికి ఏదో ఒక పని కావాలన్నట్టు ఆయన బటన్ నొక్కారు. తర్వాతి స్లైడ్ పడింది. అదొక్కటి నేను తీసింది. రోడ్డు పక్కన ఆగిన మా అద్దె కారు, ముందు సీట్లో మా తమ్ముడు, వెనక తలుపు బార్లా తీసి ఉంది. వెనక సీట్లో ఈ చివర అబ్బాయి, ఆ చివర అమ్మాయి. పెద్దావిడ కళ్ళజోడు సర్దుకుని దుప్పటి వైపు చూసింది. ఆవిడ మనసులో ఏమీ లేదు, కనిపించిందే అడిగింది.

"వెనక మధ్యలో చోటున్నట్టుందే అమ్మాయ్?"

అడిగింది నన్ను. ఆయన గోడ వైపే చూస్తూ, ఊరి పేరు చెప్పినంత మామూలుగా, నా బదులు జవాబిచ్చారు.

"అక్కడ ఐస్ బాక్స్ పెట్టుకున్నారండీ."