అత్త కొలిచిన దారం

దయ్యాలు ఉన్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. కాలేజీలో సైన్సు చదివాను. ఈ రాత్రి కూడా నమ్మడానికి మనసొప్పదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

పాప పుట్టిన ఏడాదికి నా గొంతులో కాన్సర్ గడ్డ బయటపడింది. మద్రాసులో ఆపరేషన్ చేసి థైరాయిడ్ గ్రంథి తీసేశారు. మళ్ళీ రావచ్చు, నెలనెలా డాక్టరు చేత మెడ తడిమించి చూపించుకోవాలి అన్నారు.

మా ఊరు రాజపాళయం తిరిగొచ్చిన రోజే మా అత్త తన పద్ధతిలో కొలత తీసింది. మా వారు మిల్లు నుంచి తెచ్చిన నూలుపోగును పసుపులో తడిపి, ఆరబెట్టి, నా మెడ చుట్టూ తిప్పి, ఎడమ చెవి కింద కొనలు కలిసేచోట కత్తిరించింది. ప్రతి శుక్రవారం తలస్నానం అయ్యాక దాన్నే చుట్టి చూసేది. వాపు వస్తే కొనలు కలవవట.

నేను నవ్వాను. నవ్వుతూనే దారం పొడవును తలుపు చట్టం మీద గీసి, మెడను టేపుతో కొలిచి రాసుకున్నాను.

"నవ్వు అమ్మణ్ణీ, నవ్వు. కాలేజీకి పోయినావు గాని నీ మెడ నీకు కనపడుతుందా? నేనుండేవరకు చూస్తా. పోయినంక కూడా వచ్చి చూస్తా, పో!"

ఆరు నెలలు కొనలు కలిశాయి. తరువాత అత్త జ్వరంతో పోయింది.

కర్మలు అయ్యాక వచ్చిన శుక్రవారం, ఆమె మీద బెంగతో నేనే దారం చుట్టుకున్నాను. కొనల మధ్య వేలి వెడల్పు సందు.

ఇక్కడి డాక్టరు మెడంతా తడిమాడు, నీళ్ళు మింగించి చూశాడు. ఏమీ తగల్లేదు.

"నూలు కుదించుకొనుంటుందమ్మా. భయపడవద్దు, పోయి బిడ్డను చూసుకో."

కుదించుకోలేదు. చట్టం మీది గీతకు దారం సరిగ్గా సరిపోయింది. టేపుతో కొలిస్తే మెడ కూడా మునుపటి అంగుళాలే. మెడకు చుడితే మాత్రం దారం చాలదు.

మూడు నెలలకు, సరిగ్గా ఆ సందులోనే, చింతగింజంత గడ్డ డాక్టరు వేలికి తగిలింది. మద్రాసు వాళ్ళు చూసి, రక్తనాళాలకు అంటుకుంది, ఇక కోయలేమన్నారు.

పాపకు ఇంకా మూడేళ్ళు నిండలేదు. నా ముఖం దానికి గుర్తుండదు.

పోయిన వారం సందు రెండు వేళ్ళయింది. గీత మీద పెడితే దారం ఈనాటికీ సరిగ్గానే ఉంది. పారేయమంటారు మా వారు. చెయ్యి రాదు.

అత్త చూస్తానంది. ఆపుతానని అనలేదు.

పాప నిద్రపోతోంది. తెల్లవారితే శుక్రవారం.